గుర్రం దిగిన సైనికుడు

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో గుర్రాల మీద కవాతు చేసిన దండు అది. 1914 నవంబరులో ఫ్రాన్స్‌లో, కందకంలో, మోకాలి లోతు బురదలో నిలబడింది. ఆ దండులోని ఇరవై ఏడేళ్ల ఆంగ్లేయ లెఫ్టినెంట్ ఆఖరి రెండు రోజుల యథార్థ గాథ ఇది.

తెల్లవారడానికి ఇంకా టైముంది. అబ్దుల్లా ఖాన్ అనే సవారు నేలకు కరుచుకుని, కూలిన మట్టిగోడ గండిలోంచి బయటికి పాకాడు. దగ్గినా, తుమ్మినా, తుపాకీ దేనికైనా తగిలి చప్పుడైనా అంతే సంగతులు. ఎదుటివాడు అంత దగ్గర్లో ఉన్నాడు.

అతను పాకుతున్నది జర్మన్లు తవ్విన ఇరుకు కాలువ. సైన్యంలో దాన్ని సాప్ అంటారు. తమ కందకంలోంచి తల పైకెత్తకుండా, తవ్వుకుంటూ తవ్వుకుంటూ శత్రువు గుమ్మం దాకా రావడానికి వేసుకునే దారి. ఈ సాప్ భారతీయ దళాల కందకం దాకా వచ్చి, ముందుగోడను పగలగొట్టి గండి పెట్టేసింది. ఆ గండిలోంచి రాబోయేది ఏమిటో తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి. అబ్దుల్లా ఖాన్ వెళ్లాడు.

వెళ్లినవాడు ప్రాణాలతో తిరిగొచ్చాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. పది గజాల అవతల ఇసుక బస్తాలతో అడ్డుగోడ కట్టారు. ఆ గోడలో తుపాకీ గొట్టం పట్టేంత కన్నం ఉంది. అంటే ఇటునుంచి ఎవరు అడుగు పెట్టినా అటునుంచి గుండు సిద్ధంగా ఉంటుంది.

ఆ కబురు విన్న అధికారి పేరు లెఫ్టినెంట్ ఫ్రాంక్ అలెగ్జాండర్ డి పాస్. దండు పేరు 34వ పూనా హార్స్. ఊరు ఫెస్టుబెర్. తేదీ 1914 నవంబరు 24.

సికింద్రాబాద్ నుంచి

పేరులో పూనా ఉన్నా, యుద్ధం మొదలయ్యేనాటికి ఆ దండు మన సికింద్రాబాద్‌లో ఉంది. 7వ డ్రాగూన్ గార్డ్స్ అనే బ్రిటిష్ అశ్వికదళం, 20వ డెక్కన్ హార్స్, 34వ పూనా హార్స్ - ఈ మూడూ కలిస్తే సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్. ఆ పేరుతోనే 1918 దాకా ఫ్రాన్స్‌లో పోరాడింది.

డి పాస్ లండన్‌లో, కెన్సింగ్టన్‌లో 1887 ఏప్రిల్ 26న పుట్టాడు. వెస్టిండీస్‌తో వ్యాపారం చేసిన యూదు కుటుంబం. రగ్బీ స్కూల్లో చదివి, వూలిచ్ సైనిక అకాడమీలో శిక్షణ పొంది 1906లో ఫిరంగి దళంలో చేరాడు. మూడేళ్లకు, 1909లో, ఫిరంగులు వదిలి పూనా హార్స్‌కు మారాడు. అప్పట్లో కుర్ర అధికారులకు భారత అశ్వికదళం అంటే పెద్ద మోజు. పోలో, వేట, బల్లెంతో నేలలో దిగ్గొట్టిన మేకును పెకలించే పందెం. దండులోని సవార్లు రాజపుత్రులు, కాయంఖానీలు, పంజాబీ ముస్లింలు. సిలాదారీ పద్ధతి ప్రకారం గుర్రానికీ సరంజామాకూ సవారే డబ్బు కట్టాలి. కాబట్టి ఒక్కొక్క సవారుకు తన గుర్రం ఒక ఆస్తి, ఒక పరువు.

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. బ్రిగేడ్ బొంబాయి చేరి ఓడలెక్కింది. ఆ రోజుల్లో హిందూ మహాసముద్రంలో ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక తిరుగుతోంది. సెప్టెంబరు 22 రాత్రి అది మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల మీద ఫిరంగులు పేల్చి నగరాన్ని హడలగొట్టింది. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగెత్తారు. తెలుగువారికి మొదటి ప్రపంచ యుద్ధం తెలిసింది అలా. అదే ఏడు ఏప్రిల్‌లో మద్రాసులో దినపత్రికగా మొదలైన ఆంధ్రపత్రికకు అంతకంటే పెద్ద వార్త ఏముంటుంది?

సైనికుల ఓడలు క్షేమంగా దాటాయి. అక్టోబరు మధ్యలో బ్రిగేడ్ మార్సెయి రేవులో దిగింది. గుర్రాలూ బల్లేలూ కత్తులూ అన్నీ దిగాయి. వాటితో పని మాత్రం అప్పటికే తీరిపోయింది.

నేలకింద యుద్ధం

సెప్టెంబరులో మార్న్ నది దగ్గర జర్మన్ల దూకుడు ఆగింది. అయిన్ నది దగ్గర రెండు సేనలూ నేలలో గుంటలు తవ్వుకుని కూర్చున్నాయి. ఒకరి పక్కనుంచి ఒకరు చుట్టి రావాలని ప్రయత్నిస్తూ ఉత్తరంగా జరుగుతూ పోయాయి. చివరికి సముద్రం అడ్డొచ్చింది. అప్పటికి స్విట్జర్లాండ్ సరిహద్దు నుంచి సముద్రం దాకా కందకాల వరుస ఏర్పడింది. మెషిన్‌గన్‌కు ఎదురుగా గుర్రాన్ని దౌడు తీయించేవాడికి బతుకు లేదు. సవార్లను గుర్రాలు దింపి, తుపాకులిచ్చి, కందకాల్లోకి పంపారు. దిగినవాళ్లలోనూ నలుగురికి ఒకడు గుర్రాలు చూసుకోవడానికి వెనకే ఉండాలి. అందుకని ఒక దండు పేరుకు దండే గానీ, కందకంలో నిలిచే తుపాకులు తక్కువ.

ఫెస్టుబెర్ ప్రాంతం పల్లపు నేల. రెండు మూడడుగులు తవ్వితే నీరు. మట్టి బంక. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. కార్తీకంలో తుఫాను పట్టినప్పుడు రేగడి చేలో అడుగేస్తే చెప్పు ఊడి అక్కడే ఉండిపోయినట్టు, ఆ కందకాల్లో సైనికుల బూట్లు దిగబడిపోయేవి. దానికి తోడు చలి. మంచు పడి నేల తెల్లబడింది. ఇక్కడినుంచి పలచటి ఖాకీ గుడ్డలతో వెళ్లినవాళ్లకు వెచ్చని బట్టలు విడతలు విడతలుగా గానీ అందలేదు. భత్యంలో గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లం, పసుపు, అల్లం, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు ఇచ్చేవారు. వండుకుని వేడిగా తినే తీరిక కందకంలో ఎక్కడిది?

కొరత తిండికంటే ఆయుధాలకు ఎక్కువ. జర్మన్ల దగ్గర చేతిబాంబులున్నాయి, కందకాల్లోకి బరువైన బాంబులు విసిరే చిన్న ఫిరంగులున్నాయి, రాత్రిని పగలు చేసే వెలుగు బాణాలున్నాయి. భారతీయ దళాల దగ్గర జామ్ డబ్బాలున్నాయి. తిని పారేసిన డబ్బాల్లో పేలుడు మందు, మేకులు, ఇనుప ముక్కలు కూరి, వత్తి పెట్టి, అగ్గిపుల్లతో వెలిగించి విసిరేవారు. తడిసిన వత్తి అంటుకోకపోతే ఆ డబ్బా డబ్బాగానే మిగిలేది.

పూనా హార్స్‌కు తొలి దెబ్బ నవంబరు 2నే తగిలింది. జర్మన్లు గూర్ఖాల కందకాన్ని ఆక్రమించినప్పుడు వాళ్లకు సాయంగా ఎదురుదాడికి వెళ్లిన దండు నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ స్వాన్‌స్టన్ అక్కడే చనిపోయాడు. ఫ్రాన్స్‌లో దిగి మూడు వారాలు కూడా కాలేదు.

నవంబరు 23

ఆ రోజు తెల్లవారేసరికి జర్మన్ల సాప్‌లు ఫెస్టుబెర్ ముందున్న భారతీయ కందకాలకు ఆనుకుని ఉన్నాయి. వాటిలోంచి బాంబుల వాన కురిపించి కందకాల్లోకి దూకారు. 34వ సిక్కు పయనీర్లు నిలబడిన చోట వరుస తెగింది. పోయిన కందకం కోసం పగలంతా పోరు సాగింది.

రాత్రికి అక్కడికి 39వ గఢ్వాల్ రైఫిల్స్ మొదటి పటాలం వచ్చింది. ఎదురుగా వెళ్తే మంచు మీద నల్లటి మనుషులు ఇట్టే కనిపిస్తారు. అందుకని వాళ్లు కందకం కొసనుంచి లోపలికి దిగి, ఒక్కొక్క మలుపే గెలుచుకుంటూ పోయారు. ప్రతి మలుపు దగ్గరా ముందున్నవాళ్లలో దర్వాన్ సింగ్ నేగీ ఒకడు. తలకు రెండు గాయాలు, చేతికి ఒకటి తగిలినా వెనక్కి తగ్గలేదు. ఇరవై నాలుగు తెల్లవారేసరికి పోయిన కందకం తిరిగి వచ్చింది. నేగీకి విక్టోరియా క్రాస్ వచ్చింది. డిసెంబరు 5న అయిదో జార్జి ఫ్రాన్స్‌కు వచ్చినప్పుడు తన చేత్తో దాన్ని తొడిగాడు.

తిరిగి దక్కిన ఆ వరుసలో ఒక ముక్కను కాపలా కాసే పని పూనా హార్స్‌కు పడింది. కందకమైతే దక్కింది గానీ సాప్ అలాగే ఉంది. గండి అలాగే ఉంది. ఆ గండికి ఎదురుగా నిలబడ్డది డి పాస్ జట్టు.

పత్తితో చేసిన మందు

ఉదయం ఎనిమిది గంటలకు జర్మన్లు బాంబులు విసరడం మొదలుపెట్టారు. గండి దగ్గర నిలబడి కాచుకుంటే ఒక్కొక్కరే తగ్గిపోతారు. గండి వదిలి వెనక్కి జరిగితే ముందురోజు కథే మళ్లీ మొదలవుతుంది. మిగిలింది ఒక్కటే దారి. అదే సాప్‌లోకి దిగి, అవతలి అడ్డుగోడను లేకుండా చేయాలి.

డి పాస్ ముందు నడిచాడు. వెనక ఇద్దరు సవార్లు, ఫతే ఖాన్, ఫిర్మాన్ షా. చేతిలో గన్‌కాటన్.

పత్తి పండించే నేల మీద పుట్టినవాళ్లకు ఈ మందు సంగతి కొంచెం చెప్పాలి. మామూలు దూదినే నత్రికామ్లం, గంధకామ్లం మిశ్రమంలో నానబెట్టి, కడిగి, ఆరబెడితే అది భయంకరమైన పేలుడు పదార్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి సైన్యాలకు తెలిసిన విద్య. అచ్చుపోసిన దిమ్మలుగా చేసి వంతెనలు, గోడలు కూల్చడానికి వాడేవారు. ఆ శరత్తులో గుంటూరు జిల్లా రైతు చేలో కోకనాడ పత్తి మొక్క పెరుగుతోంది. పత్తి ధర మాత్రం పడిపోయింది. మన దేశపు పొట్టి పింజ పత్తిని కొనేవాళ్లలో జర్మనీ ఒకటి, ఆ బేరం యుద్ధంతో తెగిపోయింది. ఈ ప్రాంతానికి ఫెస్టుబెర్ ఎక్కడుందో తెలియదు గానీ, ఆ యుద్ధం పత్తి కాటా దాకా వచ్చేసింది.

ముగ్గురూ సాప్‌లో అడ్డుగోడ దాకా చేరారు. గోడకున్న కన్నంలోంచి ఎవరైనా ఒక్కసారి తుపాకీ పేల్చి ఉంటే కథ అక్కడితో సరి. ఆ ఇరుకులో తప్పించుకోవడానికి పక్కన చోటు లేదు. డి పాస్ మందు దిమ్మను ఆ కన్నంలోనే పెట్టాడు. వత్తి అంటించాడు. పేలుడుకు అడ్డుగోడ నామరూపాల్లేకుండా పోయింది. సాప్‌లో మలుపు కూడా తుడిచిపెట్టుకుపోయి, అవతల కొంత దూరం దాకా బట్టబయలైంది. ఇక అందులో నిలబడే జర్మన్‌కు ఇటునుంచి తుపాకీ సూటిగా తగులుతుంది.

జర్మన్లు ఒక బాంబు విసిరారు. అది ముగ్గురినీ దాటి వెనక పడి పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. వెళ్లిన ముగ్గురూ తిరిగొచ్చారు. ఆ పగలంతా ఆ సాప్‌లోంచి మళ్లీ బాంబు రాలేదు.

ఆరుబయట ఒకడు

అదే రోజు డి పాస్ పక్కనున్న 7వ డ్రాగూన్ గార్డ్స్ కందకానికి వెళ్లాడు. దారిలో అతనికి కందకం బయట, రెండు సేనల మధ్య నేల మీద గాయపడి పడున్న ఒక సిపాయి కనిపించాడు. 58వ రైఫిల్స్‌కు చెందినవాడు. చలిలో అలాగే ఉండిపోయాడు.

రాత్రి దాకా ఆగమనడం యుద్ధభూమిలో తప్పు కాదు. చీకట్లో గాయపడ్డవాళ్లను లాక్కురావడమే అక్కడి రివాజు. డి పాస్ ఆగలేదు. డ్రాగూన్లలోంచి కుక్ అనే సైనికుడు తోడొచ్చాడు. ఇద్దరూ పట్టపగలు కందకం ఎక్కి బయటికెళ్లి, జర్మన్ తుపాకుల కళ్లెదుట ఆ సిపాయిని మోసుకొచ్చారు.

ఆ సిపాయి డి పాస్ దండువాడు కాదు, కుక్ దండువాడు కాదు. వాళ్లిద్దరికీ అతని పేరు కూడా తెలిసి ఉండాల్సిన పని లేదు. అడ్డుగోడను పేల్చడంలో యుద్ధానికి ఒక లాభం ఉంది. ఈ పనిలో లాభం ఆ ఒక్క సిపాయికే.

గోడ మరమ్మతు

నవంబరు 25. జర్మన్లు మళ్లీ సాప్‌లోకి వచ్చారు, మళ్లీ అడ్డు కట్టుకున్నారు, మళ్లీ బాంబులు మొదలుపెట్టారు. కందకం ముందుగోడ ఇంకోసారి బాగా దెబ్బతింది. బస్తాల్లో మట్టి నింపి గండి పూడ్చాలి. డి పాస్ ఆ పని దగ్గరుండి చేయిస్తున్నాడు.

అడ్డుగోడ వెనకనుంచి ఒక జర్మన్ తుపాకీవాడు గురిచూసి కాలుస్తున్నాడు. పనివాళ్లకు అతనితోనే ప్రమాదం. డి పాస్ అతన్ని కొట్టాలని తుపాకీ ఎత్తాడు. ఆ గురి కోసం ఎత్తిన తలకే గుండు తగిలింది. మరి లేవలేదు.

సికింద్రాబాద్ నుంచి బయలుదేరినప్పుడు అతని ఒరలో కత్తి ఉంది. ఎదుటివాడి ముఖం చూసి కొట్లాడే యుద్ధానికి తయారైన మనిషి. చనిపోయింది మాత్రం ఇసుక బస్తాల మధ్య, దగ్గర్లోనే ఉన్నా సరిగ్గా కనిపించని మనిషి చేతిలో. అతన్ని బెతూన్ పట్టణ శ్మశానంలో ఖననం చేశారు.

ఎవరికి ఏ పతకం

1915 ఫిబ్రవరి 18న లండన్ గెజిట్‌లో డి పాస్‌కు విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఆ యుద్ధంలో దాన్ని పొందిన తొలి యూదుడు అతనే. భారత సైన్యంలోని ఆంగ్లేయ అధికారుల్లోనూ తొలివాడు అతనే. చూసొచ్చిన అబ్దుల్లా ఖాన్‌కూ, వెంట నడిచిన ఫతే ఖాన్, ఫిర్మాన్ షాలకూ ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ ఇచ్చారు. కుక్‌కు డిస్టింగ్విష్డ్ కాండక్ట్ మెడల్ దక్కింది. భారతీయ సైనికులకు విక్టోరియా క్రాస్ ఇవ్వవచ్చని 1911 ఢిల్లీ దర్బారులోనే తేల్చారు. ఖుదాదాద్ ఖాన్ అనే సిపాయికి, నేగీకి ఇచ్చారు కూడా. కానీ ఒకే సాప్‌లోకి, ఒకే బాంబు ముందుకు నడిచిన ముగ్గురిలో ఒకరికి ఒక లోహం, ఇద్దరికి ఇంకో లోహం. అడ్డుగోడ కన్నంలోంచి చూసేవాడికి ఆ ముగ్గురిలో తేడా ఏమీ లేదు. రక్షించిన సిపాయి సంగతైతే గెజిట్‌లో గాయపడిన ఒక మనిషి అని తప్ప పేరు లేదు.

ఫ్రాన్స్, బెల్జియం నేలల్లో చనిపోయి సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు న్యూవ్ షాపెల్‌లోని స్మారకం మీద చెక్కారు. 1927 అక్టోబరు 7న దాన్ని ఆవిష్కరించారు. ఫెస్టుబెర్ నుంచి అది ఎంతో దూరం లేదు.

ఆ పేర్లలో తెలుగు పేర్ల కోసం వెతికితే దొరకడం కష్టం. పిరికితనం అందుకు కారణం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఆంగ్లేయులు కొన్ని కులాలనూ ప్రాంతాలనూ యుద్ధజాతులని ముద్ర వేసి, మిగతావారికి సైన్యం తలుపులు మూస్తూ వచ్చారు. కంపెనీ రోజుల్లో మద్రాసు పటాలాలకు వెన్నెముకగా నిలిచిన తెలుగు సిపాయి ఆ లెక్కలో కొట్టివేతకు గురయ్యాడు. ప్రపంచ యుద్ధానికి మనుషులు చాలకపోయాక ఆ తలుపులు కొంత తెరుచుకున్నాయి. సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాసు సాపర్ల కంపెనీలు మెసపటోమియా ఎడారిలో వంతెనలు కట్టాయి. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం నుంచి ఆ యుద్ధానికి తొంభై మంది వెళ్లారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. మిలిటరీ మాధవరం అన్న పేరు ఆ ఊరికి ఊరికే రాలేదు.

మిగతా దండు

భారతీయ పదాతి దళాలు 1915 చివరికల్లా ఫ్రాన్స్ వదిలి మెసపటోమియాకు వెళ్లాయి. అశ్వికదళాలు 1918 దాకా అక్కడే ఉన్నాయి. కందకాల వరుస తెగితే ఆ సందులోంచి గుర్రాలు దూసుకెళ్తాయని సేనాపతులు ఎదురుచూశారు. ఒకసారి, 1916 జులై 14 సాయంత్రం, సొమ్ యుద్ధంలో హై వుడ్ అడవి దగ్గర సికింద్రాబాద్ బ్రిగేడ్‌లోని డెక్కన్ హార్స్, 7వ డ్రాగూన్ గార్డ్స్ బల్లేలు పట్టి దౌడు తీశాయి. పంటచేలో దాక్కున్న జర్మన్లను కొందర్ని పొడిచాయి, కొందర్ని పట్టుకున్నాయి. తెల్లవారకముందే వెనక్కి రావాల్సి వచ్చింది. వరుస తెగలేదు.

పూనా హార్స్ ఇప్పుడు భారత సైన్యంలో ట్యాంకుల దండు. 1965 యుద్ధంలో ఆ దండును నడిపిస్తూ చనిపోయి పరమవీర చక్ర పొందిన లెఫ్టినెంట్ కల్నల్ అర్దేషిర్ తారాపూర్ అంతకుముందు హైదరాబాద్ సంస్థానపు లాన్సర్లలో పనిచేసినవాడే. దక్కనుతో ఆ దండు బంధం 1914తో తెగిపోలేదు.

డి పాస్ మరణం గురించి రెండు మాటలు మిగిలి ఉన్నాయి. గెజిట్ ప్రకటన ప్రకారం, శత్రువు తిరిగి ఆక్రమించిన సాప్‌ను రెండోసారి పట్టుకునే ప్రయత్నంలో అతను ప్రాణాలిచ్చాడు. ఫ్రాన్స్‌లో భారతీయ సేనల చరిత్ర రాసిన మెర్వెదర్, ఫ్రెడరిక్ స్మిత్ మాత్రం అతను గోడ బాగు చేయిస్తూ, ఒక తుపాకీవాడిని కొట్టబోయి చనిపోయాడని రాశారు. మొదటి మాట పతకానికి సరిపోతుంది. యుద్ధానికి సరిపోయేది రెండోది. ఆ తర్వాత నాలుగేళ్ల పాటు కందకాల్లో లెక్కలేనంత మంది ఇలాగే పోయారు. దాడిలో పోయినవాళ్లు పోగా, మట్టి ఎత్తుతూ, నీళ్ల డబ్బా మోస్తూ, అటు ఏముందో చూద్దామని ఒక్క క్షణం తలెత్తి పోయినవాళ్లు వాళ్లు. వాళ్లకు గెజిట్‌లో చోటు దొరకదు, ఎందుకంటే గోడ కట్టడం వీరత్వం కింద రాదు. డి పాస్ ముందురోజు చేసిన రెండు పనులు లేకపోతే అతనూ ఆ లెక్కలోనే కలిసిపోయేవాడు. అయినా 25వ తేదీ అతను చేస్తున్న పని 24వ తేదీ చేసినదానికి తక్కువేమీ కాదు. గండి పూడకపోతే ఆ రాత్రి దాని వెనక పడుకునేది అబ్దుల్లా ఖాన్, ఫతే ఖాన్, ఫిర్మాన్ షాలే కదా.